జిన్నింగు మిల్లులో మార్చుకున్న బ్యాటరీ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మా వాడకట్టులో ఎవరికైనా పూనకం వచ్చిందంటే, నిమ్మకాయలు తెచ్చేముందు ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ పేచీ ఏమిటో కనుక్కోండని చెప్పే మనిషిని. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళు రాయలేదు. రాస్తే నా తల చుట్టూ కూడా నిమ్మకాయలు తిప్పుతారని భయం.

మొన్న మా మనవరాలు కరెంటు కారులో ఆదిలాబాద్ వైపు పోయి, దారిలోంచి ఫోన్ చేసింది. చార్జింగు పెట్టే మిషను ఉందట, పనిచేయదట. ఇంకోచోట పనిచేస్తుందట, కానీ దాని ముందు ఎవరో లారీ ఆపుకుని నిద్రపోతున్నాడట. "అమ్మమ్మా, నాకు పిచ్చి లేస్తోంది" అంది. నాకు నవ్వొచ్చింది. అదే రోడ్డు మీద, అదే పిచ్చితో, నేను నిండు కడుపుతో తిరిగాను. ఇక రాసేస్తే ఓ పని అయిపోతుందనిపించింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళే అయింది. మా పుట్టిల్లు కరీంనగర్. బాపు, అంటే మా నాన్న, అక్కడ వకీలు. మా ఆయనకు ఉట్నూర్‌లో సర్కారు ఉద్యోగం. చుట్టూ అడవి, వానాకాలం వస్తే దారులన్నీ వాగుల పాలు. నా మొదటి కాన్పు అక్కడే అయింది. వాగు పొంగి దవాఖానాకు పోయే దారి తెగిపోయింది. బిడ్డ పుట్టింది కానీ ఏడవలేదు. ఆ మాట ఇంతకంటే పొడిగించి రాయలేను.

రెండోసారి కడుపు నిలవగానే అవ్వ, అంటే మా అమ్మ, కబురు మీద కబురు పంపింది. వానలు పడకముందే నన్ను కరీంనగర్ తెచ్చుకోవాలని, అక్కడి దవాఖానాలో డాక్టరమ్మ చేతులమీదనే కాన్పు కావాలని ఆమె పట్టు. బాపుకు కోర్టు వేసవి సెలవులు. నన్ను తీసుకుపోవడానికి తన కారులో వచ్చాడు.

ఆ కారు గురించి చెప్పాలి. పోలీస్ యాక్షన్ తర్వాత ఊరు విడిచిపోతున్న ఒక పెద్ద ఆఫీసరు దగ్గర బాపు దాన్ని కొన్నాడు. నల్లగా, గుండ్రంగా, ఎప్పుడూ ఏదో ఒక రోగంతో ఉండేది. అవ్వ దాన్ని సవతి అనేది. అనేదే కానీ, దసరాకు అందరికంటే ముందు దానికే పసుపు కుంకుమ పెట్టేది. ఆ ఏడు ఇంజను మీదా, బ్యాటరీ మీదా బొట్లు పెట్టి, కొండగట్టు అంజన్న దగ్గర తెచ్చిన సిందూరపు దారాన్ని బ్యాటరీ పిడికి కట్టింది. బ్యాటరీకి దారమేమిటని నేను నవ్వితే, "నడిపిచ్చేది గదే గదా" అంది.

ఉట్నూర్‌లో తెల్లవారగానే బయలుదేరాం. మా ఆయనకు సెలవు దొరకలేదు. వెనక సీట్లో మెత్తలు వేసి నన్ను కూర్చోబెట్టి, బాపుకు వంద జాగ్రత్తలు చెప్పాడు. బాపు ఒక్కటీ వినలేదు. జడ్జి చెబితే తప్ప వినే అలవాటు ఆయనకు లేదు.

ఇచ్చోడ ఇంకా రాకముందే నాకు కాలిన వాసన వచ్చింది.

"బాపూ, ఏదో కాలుతుంది" అన్నాను.

"ఏం కాలుతలేదు. కడుపుతోని ఉన్నోళ్లకు లేనిపోని వాసనలొస్తయి" అన్నాడు.

ఇంకాస్త దూరం పోయేసరికి ముందు నుంచి పొగ వచ్చింది. పొగ కూడా నా కడుపులోంచే వచ్చిందని అంటాడేమోనని చూశాను. బండి ఆపాడు.

ఎట్లాగో ఇచ్చోడ చేరాం. అక్కడ ఇంజన్లు బాగుచేసే మేస్త్రి ఒకడు మూత ఎత్తి చూసి పెదవి విరిచాడు. "డైనమో కాలింది వకీల్ సాబ్. గిక్కడ కాదు. హైదరాబాద్ పంపాలె."

కారు నడుస్తున్నంతసేపూ బ్యాటరీని నింపేది డైనమో. అది పోయిందంటే, బ్యాటరీలో ఎంత మిగిలి ఉందో బండికి అంతే ఆయుష్షు. మళ్ళీ ఎక్కడో ఒకచోట ఇంజను, డైనమో ఉన్నవాళ్ళను పట్టుకుని చార్జింగు పెట్టించుకుంటేనే ముందుకు కదిలేది. మా బ్యాటరీ అసలే ముసలిది.

"బస్సు ఎక్కించు బాపూ" అన్నాను. నిర్మల్ బస్సు అప్పటికే వెళ్ళిపోయింది, మళ్ళీ రేపే. రేపటిదాకా ఇచ్చోడలోనే ఎవరింట్లోనైనా ఉందామని బాపు అనుకున్నాడు. అప్పుడు చెప్పాను, నడుములో సన్నగా నొప్పి మొదలైందని. ఎనిమిదో నెల నిండింది, అంతే. మొదటిసారి కూడా ఇట్లాగే, నెలలు నిండకముందే, నడుములోనే మొదలైంది. బాపు మొహం చూస్తే చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. ఇంత ఊర్ల ఒక్క డైనమో దొరకదా?" అన్నాడు.

దొరికాయి. ఒక్కటి కూడా పనికి రాలేదు.

ముందు డేరా సినిమా దగ్గరికి పోయాం. వాళ్ళకు పెద్ద ఇంజను, దానికి డైనమో, అన్నీ ఉన్నాయి. మేనేజరు వేపపుల్ల నములుతూ వచ్చి, సాయంత్రం ఆటకు సరిపడా మాత్రమే సేటు నూనె కొలిచి పోసి పోయాడని, పగటిపూట ఇంజను పెడితే తన కొలువు పోతుందని చెప్పాడు. నూనె మేమే పోయిస్తామన్నాం. "గా నూనె, గీ నూనె కలిస్తే ఇంజన్ దగ్గుతది సాబ్" అన్నాడు. బాపు అతనికి చట్టం చెప్పబోయాడు. అతను పుల్ల రెండో వైపుకు మార్చుకుని శ్రద్ధగా విన్నాడు.

తర్వాత పిండి గిర్ని. అక్కడ ఇంజను డుగుడుగుమని నడుస్తోంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. తీరా చూస్తే డైనమో లేదు. గిర్ని యజమాని నవ్వుతూ, "మేం పిండి పడతం గని కరెంటు పట్టం" అన్నాడు. అక్కడ జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళంతా నా కడుపు వైపు చూసి, ఇది మగపిల్లవాడని ఇద్దరు, ఆడపిల్లని ముగ్గురు తేల్చారు. చార్జింగు సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

ఊరి చివర వైర్‌లెస్ పెట్టెతో కొందరు సర్కారు మనుషులు గుడారం వేసుకుని ఉన్నారు. వాళ్ళ దగ్గర అచ్చంగా బ్యాటరీలు నింపడానికే ఒక చిన్న ఇంజను ఉంది. అది చూసి బాపు కళ్ళు మెరిశాయి. వాళ్ళలో పెద్దాయన చాలా మర్యాదగా మాట్లాడాడు, కుర్చీ వేశాడు, నీళ్ళిచ్చాడు. బయటివాళ్ళ బ్యాటరీ పెట్టాలంటే మాత్రం ఆదిలాబాద్ నుంచి హుకుం తెమ్మన్నాడు. చార్జింగు కావాలంటే ఆదిలాబాద్ పోవాలి. ఆదిలాబాద్ పోవాలంటే చార్జింగు కావాలి. నాకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి.

"నా కాన్పుకు కూడా హుకుం తేవాల్నా?" అని గట్టిగానే అడిగాను. ఆయన తల వంచుకున్నాడు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు?

చివరికి ఉన్న బ్యాటరీతోనే నిర్మల్ దాకా లాగుదామన్నాడు బాపు. అక్కడ ఆయన తోటి వకీలు ఇంట్లో ఏదో ఒక ఏర్పాటు దొరుకుతుందని ఆశ. బ్యాటరీ చుక్క కూడా వృథా కాకూడదని కొత్త చట్టాలు పెట్టాడు. హారన్ కొట్టేది లేదు. బండిని సెల్ఫు మీద లేపేది లేదు, హ్యాండిల్ తిప్పి లేపాల్సిందే. దిగుడు వస్తే ఇంజను ఆపేసి బండిని జారవిడవడమే. హారన్ బదులు నేను కిటికీలోంచి తల బయటపెట్టి ఎడ్లబండ్ల వాళ్ళను "ఓ అన్నా, జరుగు!" అని అరుస్తూ పోవాలి. నడుము నొప్పి ఒకవైపు, ఈ కేకలు ఒకవైపు. కారు మీదా, దాన్ని అమ్మిపోయిన ఆఫీసరు మీదా, డైనమో కనిపెట్టినవాడి మీదా నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

నేరడిగొండ ఇంకా దూరం ఉండగానే ఇంజను రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది. ఎదురుగా దిగుడు. బండి దానంతటదే జారుతూ పోయింది. బాపు బ్రేకు వేయలేదు, పోయినంత దూరం పోనిద్దామని. కారు చప్పుడు లేకపోవడంతో అప్పుడు వినపడింది, ఎడమవైపు చెట్ల వెనక ఫట్ ఫట్ ఫట్‌మని పెద్ద ఇంజను.

దిగుడు కింద మట్టిబాట ఒకటి ఎడమకు తిరుగుతుంది. కారు ఆ బాట మొదట్లో ఆగింది. ఎదురుగా రేకుల షెడ్డు, పొగగొట్టం, తెరిచి ఉన్న గేటు. జిన్నింగు మిల్లు. పత్తి నుంచి గింజ తీసే మిల్లన్నమాట. ఊరి పేరు రాయను, ఆ మిల్లు సేటు బంధువులు ఇంకా ఆ వైపే ఉన్నారు.

"ఎండకాలంల జిన్నింగేంది?" అని బాపు ఒక్క మాట అన్నాడు. నిజమే, పత్తి వచ్చేది చలికాలంలో. కానీ ఆ సమయంలో మాకు ఇంజను నడుస్తుంటే చాలు, అది పత్తి తీస్తుందా, పాపాలు తీస్తుందా అని అడిగే ఓపిక లేదు.

మిల్లు వసారాలో ఒకావిడ నిలబడి ఉంది. నలభై దాటి ఉండదు. మరాఠీ వాళ్ళ మాదిరిగా గోచీ పోసి కట్టిన చీర, నుదుట నెలవంక బొట్టు. కుడి మణికట్టు మీద పాత కాలిన మచ్చ ఒకటి, అరటాకు ముక్కలాగా. బాపు చెప్పబోయేలోపే ఆమె నన్ను చూసింది.

"కూసో బాయి. జెర నీళ్లు తాగు. సేటు లేడు, నేనున్న" అంది.

బాపు సంగతంతా చెప్పి, ఎంతసేపు పడుతుందని అడిగాడు. "గంటలు వడతది. పోర్గిని గట్ల కూసోబెడ్తవా? నా బ్యాటరీ తీస్కపో. నీది గీడ పెట్టిపో, నింపి పెడ్త" అంది. పోర్గి అంటే వాళ్ళ మాటలో ఆడపిల్ల.

బాపు మా బ్యాటరీ విప్పి లోపలికి మోసుకుపోయాడు. తర్వాత ఆయన చెప్పాడు, గోడ పక్క చెక్కబల్ల మీద పెట్టమని చూపించి, వైర్లు ఆమే తగిలించిందట. మిల్లంతా పత్తి నూగు ఎగురుతోంది, మనిషి మాత్రం ఒక్కడు కనపడలేదట. కూలీలు అన్నానికి పోయి ఉంటారనుకున్నాడట. ఆమె బ్యాటరీ చెక్కపెట్టెలో ఉన్న పాతకాలపుది, పక్కన మిల్లు గుర్తు కాల్చి ముద్ర వేసి ఉంది. దాన్ని బిగించి హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే కారు లేచింది. సవతి పుట్టి బుద్ధెరిగాక ఒక్క తిప్పుకు లేవడం అదే మొదలు.

నేను లేవబోతుంటే ఆమె ఆగమంది. నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికే పొద్దు నెత్తిమీదికి వచ్చింది, దారంతా ముందుంది, నడుము విరుగుతోంది. ఆమె మాత్రం తాపీగా లోపలికి పోయి, పళ్ళెంలో బియ్యం, కొబ్బరికాయ, ఆకుపచ్చ రవికె గుడ్డ తెచ్చింది. కొంగు పట్టమంది. దోసిలితో బియ్యం పోసి, కాయ, గుడ్డ పెట్టి, బొట్టు పెట్టింది.

"పుట్టినంక పోర్గిని తీస్కొని రా. గప్పుడు నా బ్యాటరీ ఇయ్యి" అంది. సరేనన్నాను. అంత త్వరగా సరేనంటే త్వరగా వదులుతుందని.

ఘాటు, అంటే నిర్మల్ ముందున్న కొండదారి, దిగాం. నిర్మల్‌లో ఆగలేదు. సోన్ దగ్గర గోదావరి వంతెన దాటాం. ఆర్మూర్ దాటాక నొప్పి ముందుకు వచ్చింది. మెట్‌పల్లి వచ్చేసరికి అది ఏ నొప్పో నాకు అనుమానం లేదు. బాపు హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. పొద్దుటి చట్టాలన్నీ కొట్టేసుకున్నాడు. ఎద్దు కనపడినా హారన్, ఎద్దు కనపడకపోయినా హారన్. జగిత్యాల దాటి కొండగట్టు దగ్గరికి రాగానే చీకట్లు ముసిరాయి. డైనమో లేని బండికి దీపాలు వేస్తే బ్యాటరీ గుక్కెడు నీళ్ళలా అయిపోతుందని ఆయనకు తెలుసు. కొండ వైపు ఒకసారి చూసి దీపాలు వేశాడు.

అవి కరీంనగర్ దవాఖానా గేటు దాకా కొంచెం కూడా తగ్గకుండా వెలిగాయి.

ఆడపిల్ల. పేగు మెడకు చుట్టుకుని ఉందట. డాక్టరమ్మ చెమట తుడుచుకుంటూ, ఇంకాస్త ఆలస్యమైతే నేనేమీ చేయలేకపోదును అంది. నా బిడ్డ మొదట ఏడవలేదు. తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచారు. అప్పుడు ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను.

ఇంతవరకు దీంట్లో ఏమీ వింత లేదు. మంచి మనుషులు ఎక్కడైనా ఉంటారు. వింత మర్నాటి నుంచి మొదలైంది.

బాపు కారును మెకానిక్ దగ్గరికి పంపాడు. అతను సాయంత్రం ఇంటికే వచ్చాడు. "వకీల్ సాబ్, గీ బ్యాటరీ మీద బండెట్ల తెచ్చిండ్లు?" అని అడిగాడు. మూతలు తీసి చూపించాడు. లోపల యాసిడు చుక్క లేదు. ఎప్పుడో ఎండిపోయి, ప్లేట్లు ముట్టుకుంటే సున్నంలా రాలుతున్నాయి. వాటి మధ్య సాలెగూడు. బాపు అతన్ని తిట్టాడు, నువ్వే బ్యాటరీ మార్చావని. అతనికి కూడా కోపం వచ్చింది. పెట్టె మీద మిల్లు ముద్ర మాత్రం అదే.

అవ్వకు బ్యాటరీ పట్టలేదు. ఆమె పరేషానంతా నా కొంగులోని బియ్యం గురించి. మా వైపు ఒడి బియ్యం పోసేది పుట్టింటివాళ్ళే. పరాయివాళ్ళు పోయరు, మనం పట్టము. "ముక్కు మొకం తెల్వనామె పోత్తే ఎట్ల పట్టినవే? ఒడి నింపినోళ్లు పుట్టింటోళ్లయితరు. బిడ్డను తీస్కపోయి సూపియ్యాలె. గా బియ్యం వండి పెట్టిందాంక రుణం తీరది" అంది. నాకు విసుగొచ్చింది. పచ్చి బాలింతను, నాకు ఇంకో పుట్టిల్లు తగిలించింది. ఆ బియ్యాన్ని పరమాన్నం చేసి పంచింది కానీ, పోవాలన్న పట్టు మాత్రం వదలలేదు. బాపు అయితే కొత్త బ్యాటరీ కొన్నాడు, ఆ పాత పెట్టెను ఎవరిచేతనైనా పంపిద్దామన్నాడు. అవ్వ లేకపోతే మేము ఆ దారి మళ్ళీ తొక్కేవాళ్ళమే కాదు.

వానలు వెనకపట్టి, దసరా పోయి, చలికాలం వచ్చాక బయలుదేరాం. డైనమో హైదరాబాద్ నుంచి బాగై వచ్చింది. బాపు, అవ్వ, నేను, నా ఒళ్ళో బిడ్డ. దారిపొడుగునా పత్తి బండ్లు. మిల్లుకు అదే అసలు కాలం. మట్టిబాట దగ్గర బండి ఆపితే ఏ చప్పుడూ లేదు.

గేటుకు తుప్పు పట్టిన తాళం. లోపలి బాటంతా తుమ్మ మొక్కలు. అవి ఆర్నెల్లలో మొలిచినవి కావు, నా ఎత్తు ఉన్నాయి. బాపు ఊళ్ళోకి పోయి పటేలును తీసుకొచ్చాడు. తాళంచెవి ఆయన దగ్గర ఉంటుందట. పెద్దమనిషి, పంచె మడిచి కట్టుకుని, మమ్మల్ని వింతగా చూస్తూ వచ్చాడు.

"మిల్లు బందయి ఏండ్లయె సాబ్. సేటు ఇంజన్ అమ్ముకొని ఆదిలాబాద్ వాయె. గీడ నడుసుడేంది?" అన్నాడు.

"నేను నా చేతులతోని బ్యాటరీ పెట్టిన" అన్నాడు బాపు.

పటేలు తాళంలో కిరసనాయిలు పోసి, రాయితో కొట్టి, చాలాసేపటికి తెరిచాడు. షెడ్డు తలుపు కూడా అంతే. లోపల గబ్బిలాల కంపు. ఇంజను ఉండాల్సిన చోట సిమెంటు దిమ్మె, దానిమీద విరిగిన బోల్టులు. నేల మీద బెత్తెడు దుమ్ము. ఆ దుమ్ములో మా అడుగులు తప్ప వేరే అడుగు లేదు.

గోడ పక్క చెక్కబల్ల మీద మా బ్యాటరీ ఉంది.

పిడికి కొండగట్టు దారం. అవ్వ పెట్టిన కుంకుమ బొట్టు. బల్ల మీదంతా దుమ్ము ఉంది, బ్యాటరీ మీద లేదు. రెండు వైర్లు దానికి తగిలించి ఉన్నాయి. బాపు ఆ వైర్లను చూపుతో పట్టుకుంటూ పోయాడు. గోడ వెంట పైకి, దూలం మీదుగా, రేకు సందులోంచి బయటికి. మేమూ బయటికి పోయి చూశాం. అక్కడ రెండు వైర్లు తెగి, గాలికి వేలాడుతున్నాయి. ఒకదానికి పిచ్చుక గూడు అల్లింది.

బాపు లోపలికి వచ్చి, పాత వైరు ముక్కతో బ్యాటరీ రెండు కొసలను తాకించాడు. చిటచిటమని పెద్ద నిప్పురవ్వ లేచింది. నిండుగా ఉంది. నా బిడ్డ ఆ వెలుగుకు నవ్వింది.

అవ్వే ముందు తేరుకుంది. "గామెది గామెకు ఇయ్యాలె. ఆదిలాబాద్ ఎంత దూరం?" అంది. నాకు అక్కడినుంచి ఎప్పుడు బయటపడదామా అని ఉంటే, ఆమెకు ఇంకా రుణం గోలే.

సేటు చనిపోయాడు. సేటు భార్య ఆదిలాబాద్‌లో, పత్తి బజారు వెనక ఇంట్లో ఉంది. తలుపు తెరిచింది ఆమే. గోచీ చీర, మణికట్టు మీద అరటాకు ముక్కలాంటి మచ్చ. కానీ జుట్టంతా నెరిసింది, మోకాలు పట్టుకుని నడుస్తోంది, నుదుట నెలవంక లేదు. మాకు నీళ్ళిచ్చింది ఈమే. ఈమే, కానీ ఎన్నో ఏళ్ళ కిందటి ఈమె.

ఆమె నన్ను గుర్తుపట్టలేదు.

"మీరే కదా, వానలకు ముందు, మిల్లులో?" అన్నాను.

"గా మిల్లు మొకం సూడక ఏండ్లయె బాయి. మోకాళ్లు వట్టుకొని గీ గడప దాటుడే కష్టం" అంది. నాకు చిరాకేసింది. ఇంత దూరం వస్తే, కాదంటుందేమిటి? బాపు చెక్కపెట్టె బ్యాటరీ దించి ముందు పెట్టాడు. ఆమె దాన్ని చూసి ఆశ్చర్యపోయింది. "గిది ఎనక దొడ్ల పడి ఉండేది. ఎండకాలంల కనవడలే. సచ్చిన బ్యాటరీ ఎవ్వడు ఎత్తుకపోయిండా అనుకున్న" అంది.

అవ్వ ఒడి బియ్యం మాట ఎత్తింది. ఆమె కొంచెం నవ్వి, తమ మరాఠీ వాళ్ళలో ఇంటికొచ్చిన ముత్తయిదువ ఎవరైనా సరే ఒడి నింపే పంపుతామని, దానికి పుట్టింటి పట్టింపు లేదని చెప్పింది. ఇంత దూరం మమ్మల్ని లాక్కొచ్చిన రుణం అసలు రుణమే కాదన్నమాట. అవ్వ మొహం చూడాలి అప్పుడు. నేను సంచిలోంచి ఆకుపచ్చ రవికె గుడ్డ తీసి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. గుడ్డను తిప్పి అంచు చూసింది. లేచి, గోడ పట్టుకుంటూ లోపలి గదికి పోయి, నడుముకున్న తాళంచెవితో ఇనప పెట్టె తెరిచింది. అడుగు నుంచి తెల్లగుడ్డ మూట ఒకటి తీసింది. ముడి గట్టిగా ఉంది. పంటితో విప్పింది. లోపల వేపాకు ఎండి పొడైపోయి ఉంది. మధ్యలో మడత గుర్తు ఉంది. ఇంకేమీ లేదు.

"గిది నా పోర్గి కోసం తెచ్చి పెట్టిన" అంది, మా వైపు చూడకుండా. "తొలి కాన్పుకు మిల్లుకు తోల్కొస్తున్నరు. ఘాట్‌ల మోటర్ బంద్ వడ్డది. బ్యాటరీ లేదట. నేను బియ్యం కలిపి పెట్టుకొని గేటు కాడ నిలవడ్డ. రాలే."

అవ్వ ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

తర్వాత ఆమె నా బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. వేళ్ళు లెక్కపెట్టినట్టుగా ఒక్కొక్కటే సవరించింది. మిల్లు గురించి అడగలేదు, బ్యాటరీ గురించి అడగలేదు. నన్ను ఒక్కటే అడిగింది.

"ఇంటికి చేరినవు గదా?"

"చేరిన" అన్నాను.

"బస్, గంతే సాలు" అంది.

బాపు బతికినన్నాళ్ళు దీన్ని ఒక కేసులాగా తిరగేశాడు. ఇద్దరు సాక్షులు, రెండు బ్యాటరీలు, ఒక రవికె గుడ్డ ఉన్నా ఏ కోర్టులోనూ నిలవదనేవాడు. నా కోపం వేరు. చనిపోయినామె అయితే దయ్యమనుకుని ఊరుకుందును. ఆమె బతికే ఉంది, మాకు చాయ్ పోసి ఇచ్చింది, అదే చేత్తో. మరి ఆ రోజు మిల్లులో ఉన్నది ఎవరు? ఎండిన బ్యాటరీ మీద మేము ఇల్లెట్లా చేరాం? ఇన్నేళ్ళు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. తెలియలేదు. ఇక తెలియదు కూడా.

ఆనాటి నా బిడ్డ కూతురే మొన్న కరెంటు కారులో పోయి నాకు ఫోన్ చేసినది. ఆ సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి, చార్జింగు ఎక్కడ దొరికిందో, ఎవరు సాయం చేశారో చెప్పబోయింది. నేను చెప్పనివ్వలేదు.

"గవన్నీ నాకెందుకే, ఇంటికి చేరినవు గదా?" అన్నాను.